ఆపేవాడి గది

ఆ వీధి చివర పాత మేడ ఒకటి ఉంది. ఆ మేడలో మెట్ల కింద ఒక గది. ఆ గదికి మంచి పేరు లేదు.

పగలు చూస్తే ఏమీ కనపడదు. ఒక కిటికీ, ఒక దీపం, నూనె మరకలు ఇంకిపోయిన సిమెంటు నేల... అంతే. కానీ చీకటిపడ్డాక ఆ గదిలో ఏది తిరుగుతున్నా దానంతటదే ఆగిపోతుందని చెప్పుకుంటారు. ఓ దర్జీ అద్దెకి దిగితే అతని కుట్టుమిషను మోటారు కుట్టు మధ్యలో నిలబడిపోయేదట. తర్వాత వచ్చిన బైండింగు ఆయన గోడకి గడియారం తగిలిస్తే, పగలంతా బుద్ధిగా నడిచి, రాత్రి కాగానే మొండికేసేదట. ఇద్దరూ సామాను సర్దుకుని వెళ్ళిపోయారు.

వాళ్ళకంటే ముందు ఎప్పుడో, అక్కడ లేతు మిషను పెట్టుకున్న ముసలాయన ఉండేవాడు. ఒక రాత్రి ఆయన చొక్కా చెయ్యి తిరిగే ఇనుములో చిక్కుకుంది. ఆపండి... ఆపండి... అని అరిచాడట. మిషను రొదలో ఎవరికీ వినపడలేదు. తెల్లారి తలుపు తీసేసరికి — మిషను ఇంకా తిరుగుతూనే ఉంది.

అప్పటినుంచి ఆ గదిలో ఏది తిరిగినా ఆ ముసలాయనే ఆపుతాడని వీధి నమ్మకం. పేరు కూడా పెట్టేశారు. ఆపేవాడు.

అలాంటి గదిలోకి, అన్నీ తెలిసి, ఒక బస్సు డ్రైవరు చిన్న మిల్లింగు మిషను దింపించాడు.

ఎందుకు దింపించాడో తెలియాలంటే ముందు పై గది సంగతి చెప్పుకోవాలి. మెట్ల కింద గదికి సరిగ్గా నెత్తిమీద గదిలోనే డ్రైవరు కాపురం. అక్కడ మంచంమీద అతని భార్య. పక్షవాతం వచ్చి ఆమెకి మాట పోయింది. నడుం కింద భాగం పోయింది, కుడిచెయ్యి పోయింది. ఎడమచేతిలో భుజం, మణికట్టు కాస్త కదులుతాయి, బొటనవేలు నొక్కుతుంది. మిగతా వేళ్ళు ఎండిన ఆకులా ముడుచుకుపోయాయి. అవునంటే కళ్ళు ఒకసారి మూస్తుంది, కాదంటే రెండుసార్లు. వాళ్ళ సంసారం మాటలన్నీ ఇక ఆ రెప్పలమీదే.

ఆసుపత్రివాళ్ళు ఆమెకి మోటారు కుర్చీ ఒకటి ఇచ్చారు. కుర్చీ చేతిమీద చిన్న కర్ర ఉంటుంది. దాన్ని ఎటు నెడితే కుర్చీ అటు పోతుంది. చూడ్డానికి చక్కగా ఉంది గానీ, ఆ కర్రకి ఉన్న గుండ్రటి తల ఆమె ముడుచుకున్న అరచేతిలో నిలవదు. పెట్టిన ప్రతిసారీ చేపపిల్లలా జారిపోతుంది.

వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయి చాలా మర్యాదగానే చెప్పింది. "నెలాఖరుకి వచ్చి చూస్తానండీ. ఆంటీ సొంతంగా నడపగలిగితే కుర్చీ ఇక్కడే ఉంటుంది. లేదంటే... వెనక చాలామంది ఎదురుచూస్తున్నారు. ఏమీ అనుకోకండి."

ఏమనుకుంటాడు? ఏమీ అనుకోలేదు. కానీ భార్య ముఖంవంక చూడలేకపోయాడు.

ఆ అమ్మాయే జాలిపడి ఒక సాయం చేసింది. ముడుచుకున్న అరచెయ్యికి మైనంతో అచ్చు తీసి, ఆ అచ్చు ఆకారాన్ని కంప్యూటరులోకి ఎక్కించి ఇచ్చింది. వేళ్ళు పట్టడానికి మెలికలు తిరిగిన గాళ్ళు, బొటనవేలికి గుంట. సరిగ్గా అలాంటి పిడి చేయించి కర్రకి తొడిగితే చెయ్యి జారదు. ప్లాస్టిక్‌తో చేయించారు. తొడిగిన మర్నాడే విరిగింది. అల్యూమినియంతో కావాలి. అంత చిన్న పని, అదీ ఒక్కటి, ఎవరూ ఒప్పుకోలేదు.

అందుకని డ్రైవరే చెయ్యాలనుకున్నాడు. అతనికి బస్సు నడపడం తప్ప వేరే విద్య రాదు.

ఇక్కడ మిషను గురించి కాస్త నిదానంగా తెలుసుకోవాలి. మిల్లింగు మిషనుకి పైన లోహాన్ని కోసే కట్టరు ఒకటి గిర్రున తిరుగుతుంటుంది. కింద ఒక బల్ల. బల్లమీద లోహపు దిమ్మ బిగిస్తారు. చేత్తో చక్రాలు తిప్పితే బల్ల కుడియెడమలకీ, ముందువెనకలకీ జరుగుతుంది, కట్టరు పైకీ కిందకీ పోతుంది. తిన్నని గీత కొయ్యాలంటే ఒక చక్రం తిప్పితే చాలు. కానీ అరచేతి గుంట కొయ్యాలంటే మూడు చక్రాలూ ఒకేసారి, తలో వేగంతో తిప్పాలి. మనిషికి ఉన్నవి రెండే చేతులాయె. అందుకని చక్రాలు పీకేసి, వాటి చోట మోటార్లు పెట్టి, వాటిని కంప్యూటరు చేత తిప్పిస్తారు. సీఎన్‌సీ అంటే ఇంతే. పేరు పెద్దది గానీ లోపల ఉన్నది చెప్పినమాట వినే మూడు మోటార్లే.

అవి చెప్పినమాట వినడానికే డ్రైవరు చుక్కలు చూశాడు.

మొదటిసారి కరెంటు ఇస్తే, కుడికి పొమ్మంటే బల్ల ఎడమకి పోయింది. పక్క సందులో వెల్డింగు షాపతను చూడ్డానికి వచ్చి పడీపడీ నవ్వాడు. "ఏం డ్రైవరుగారూ, దీనికి రివర్సు గేరు ఒక్కటే పెట్టారా?"

"నవ్వకయ్యా. ఏ తీగ ఎక్కడ పెట్టానో నాకే తెలీడం లేదు."

తీగలు అటూ ఇటూ మార్చాక దారికొచ్చింది. తర్వాత గుండ్రంగా కొయ్యమంటే కోడిగుడ్డులా కోసింది. మరలో సందు ఉండి బల్ల తిరుగుముఖం పట్టినప్పుడల్లా కాస్త వెనకబడుతోందని తెలుసుకోవడానికి ఎన్ని రాత్రులు పోయాయో. అవును, రాత్రులే. పగలు బస్సు. సాయంత్రం మరదలు, అంటే పగలంతా భార్యని కనిపెట్టుకుని ఉండే ఆమె చెల్లెలు, ఇంటికి వెళ్ళిపోయేది. భార్యకి అన్నం పెట్టి, ఒళ్ళు తుడిచి, పక్కకి తిప్పి పడుకోబెట్టి, అప్పుడు కిందకి దిగేవాడు.

మరదలికి అది బొత్తిగా నచ్చలేదు. "ఇంకెక్కడా చోటు దొరకలేదా బావా? ఆ గదిలో, అదీ రాత్రిళ్ళు... ఆ లేతు ముసలాయన కథ నీకు తెలీదా?"

"తెలుసు. ఆ కథ వల్లే అద్దె తక్కువ."

"వేళాకోళం కాదు. ఆయన్ని మింగేసిన రాత్రి మిషను ఎలా కీచుపెట్టిందో మా అత్తగారు ఇప్పటికీ చెబుతుంది." మంచంమీద అక్క వింటోందని మరదలికి గుర్తులేదు. విప్పార్చిన కళ్ళు తమవైపే ఉన్నాయని డ్రైవరూ చూసుకోలేదు.

వెళ్ళబోతూ మరదలే మళ్ళీ అంది. "సరే, నువ్వు కింద ఉంటావు. ఇక్కడ అక్కకి ఏదైనా అయితే ఎలా పిలుస్తుంది? పాట పాడుతుందా?"

ఆ మాట నిజం. మర్నాడే డ్రైవరు పాత కరెంటు గంట ఒకటి సంపాదించాడు. గిన్నెమీద చిన్న సుత్తి టకటకా కొట్టే రకం. దాన్ని కింద గదిలో గోడకి బిగించి, మీట భార్య బొటనవేలి కిందకి వచ్చేలా పరుపుకి కట్టాడు. తీగ మాత్రం పొడవు కావాల్సొచ్చింది. గోడవెంట గొట్టంలో మిషను తీగలు కొన్ని అప్పటికే పోతున్నాయి. కొత్త తీగని కూడా వాటితోపాటే ఆ గొట్టంలో దూర్చేశాడు. నీటుగా ఉందని మురిసిపోయాడు కూడా.

"ఏమోయ్, నొక్కు చూద్దాం."

నొక్కింది. కింద గంట గణగణలాడింది. ఆ సాయంత్రం ఆ పోర్షనులో అందరూ నిశ్చింతగా ఊపిరి పీల్చుకున్నారు.

ఆ రాత్రే మొదటి అల్యూమినియం దిమ్మ బిగించాడు.

అల్యూమినియం కోస్తుంటే చప్పుడు కాదు, కీచు. ఇనుప రేకుమీద మేకుతో గీసినట్టు... పళ్ళు జివ్వుమనేలా. దానికితోడు పొట్టు పీల్చే వాక్యూము హోరు. డ్రైవరు చెవులకి దళసరి డిప్పలు తగిలించుకున్నాడు. లోకమంతా దూరంగా జరిగిపోయినట్టయింది. కట్టరు వెండి పొట్టు చిమ్ముతూ, అంచెలంచెలుగా లోపలికి దిగుతోంది. గాళ్ళ ఆకారం కనపడుతోంది...

ఆగిపోయింది.

కట్టరు ఆగింది. బల్ల ఆగింది. కంప్యూటరు తెరమీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. హద్దు తగిలింది, అని.

అంటే ఏమిటంటే, బల్ల రెండు కొసల్లోనూ చిన్న మీటలుంటాయి. బల్ల పరిగెత్తి చివరికి వచ్చేస్తే వాటికి తగులుతుంది. అవి కంప్యూటరుకి కబురు పెడతాయి. అది వెంటనే అంతా ఆపేస్తుంది. మంచి ఏర్పాటే. కానీ బల్ల నడిమధ్యలో ఉంది. కొసలు రెండూ జానెడు దూరంలో ఉన్నాయి.

దేనికీ తగల్లేదు. మరి... తగిలిందెవరు?

డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు. తలుపు గడియ వేసే ఉంది.

మళ్ళీ మొదలుపెడితే కొలత వెంట్రుకవాసి తప్పింది. దిమ్మ పాడైంది. రెండో రాత్రి ఇంకోటి బిగించాడు. కోస్తూ కోస్తూ, సరిగ్గా కీచు హెచ్చగానే — హద్దు తగిలింది. మూడో రాత్రీ అంతే. ఖాళీగా తిప్పి చూస్తే గంటలతరబడి నిక్షేపంలా తిరుగుతుంది. లోహాన్ని ముట్టుకుంటే ఆగుతుంది. మీటలు మార్చాడు. మిషను తీగలన్నీ వచ్చి చేరే బోర్డు తుడిచాడు. లోకంలో ఉన్న మిషను పిచ్చివాళ్ళందరూ కంప్యూటరులో రాసుకున్న సలహాలన్నీ చదివాడు. ఒకడు చెప్పినదానికీ ఇంకొకడు చెప్పినదానికీ పొంతన లేదు.

నెలాఖరు దగ్గరికొచ్చేస్తోంది.

ఇంకా ఒక చిత్రం ఉంది. పొద్దున పైకి వెళ్తే భార్య ముఖం పీక్కుపోయి ఉండేది. కళ్ళకింద నలుపు. "నిద్రపట్టలేదా?" అంటే రెప్ప ఒకసారి మూసేది. "నొప్పా?" రెండుసార్లు. "మరేమిటి?" అంటే... దానికి రెప్పల్లో జవాబు లేదు. అతన్నే చూస్తూ ఉండేది. కంట్లోంచి నీళ్ళు కారి చెవిలోకి పోయేవి. కుర్చీ పోతుందని దిగులు కాబోలనుకుని అతను కింద మరింతసేపు కూర్చునేవాడు.

రోజులు గడిచేకొద్దీ డ్రైవరు మిషనుతో మాట్లాడ్డం మొదలుపెట్టాడు. మొదట తిట్లు. తర్వాత బతిమాలుకోడాలు. "ఆగకే... నీకు దణ్ణం పెడతాను, ఆగకే తల్లీ..." ఆ తర్వాత, గోడవంక చూస్తూ, ఆపేవాడితోనే. "ఏం కావాలయ్యా నీకు? ఎందుకు నా ప్రాణం తోడేస్తావు?"

వెల్డింగు షాపతను ఆ సంగతి విని నవ్వలేదు. ఒక దిమ్మ తెచ్చి బల్లమీద పెట్టాడు. "నా దగ్గర ఉన్నది ఇదొక్కటే. మళ్ళీ సరుకు వచ్చేసరికి మీ గడువు దాటిపోతుంది. ఒక పని చెయ్యండి. ఆ హద్దు మీటలు ఏం చెప్పినా వినొద్దని కంప్యూటరుకి చెప్పేయండి. నమ్మకస్థుడు కాని కాపలావాడెందుకు?"

"కాపలా తీసేస్తే ఏదైనా అయినప్పుడు ఆపేదెవరు?"

"మీరు. పక్కనే నిలబడండి. రెప్ప వెయ్యకండి."

ఆ రాత్రి డ్రైవరు అలాగే చేశాడు. కాపలా తీసేశాడు. చివరి దిమ్మ బిగించాడు. చెవులకి డిప్పలు పెట్టుకుని మీట నొక్కాడు.

కట్టరు లోహంలోకి దిగింది. కీచు మొదలైంది. ఆపేవాడు ఆపే చోటు వచ్చింది...

ఆగలేదు.

"పో... పో తల్లీ... పో..." అన్నాడు డ్రైవరు. బోర్డు వంక చూశాడు.

బోర్డుమీద హద్దు మీటలకి సంబంధించిన ఎర్రదీపం ఒకటి ఉంటుంది. చిన్నది, ఆవగింజంత. అది వెలిగింది. ఆరింది. మళ్ళీ వెలిగింది.

బల్ల ఎక్కడా తగలడం లేదు. కంప్యూటరు ఆ కబురు వినడం లేదు. అయినా ఎవరో... కబురు పెడుతూనే ఉన్నారు.

వెలిగింది. ఆరింది. వెలిగింది. మూసిన తలుపుమీద చేత్తో తట్టినట్టు. తడుతున్నవాళ్ళకి తొందర హెచ్చుతున్నట్టు.

ఇన్ని రాత్రులూ ఆపినవాడు ఇవాళ ఆపలేకపోతున్నాడు. వాడికి కోపం వచ్చింది. "ఈ ఒక్క రాత్రి వదిలెయ్యి!" అని అరిచాడు డ్రైవరు. "నీ కాళ్ళు పట్టుకుంటాను... వదిలెయ్యి... అయ్యో, వదిలెయ్యి!"

దీపం వెలిగింది. ఈసారి ఆరలేదు. అలాగే... ఎర్రగా... అతన్నే చూస్తున్నట్టు.

మెడవెనక ఎవరో ఊపిరి వదిలినట్టయింది. తిరిగి చూడ్డానికి ధైర్యం చాలలేదు. కనీసం వినాలి, వెనక అడుగుల చప్పుడు ఉందో లేదో వినాలి. చెవి డిప్పలు లాగేశాడు.

కీచు ఒక్కసారిగా చెవుల్లోకి దూసుకొచ్చింది. వాక్యూము హోరు. వాటి రెండింటి అడుగునా, తల పైనే, గోడమీద...

గంట.

గణగణగణ, ఆగకుండా మోగుతోంది. అతను చూస్తుండగానే గంట ఆగింది. బోర్డుమీద దీపం ఆరింది. గంట మోగింది. దీపం వెలిగింది.

డ్రైవరు గోడవంక చూశాడు. ఆ గొట్టం... ఒకదాని పక్కన ఒకటి పడుకున్న ఆ తీగలు... గంట మోగినప్పుడల్లా దాని అదురు పక్క తీగకి పాకి, హద్దు తగిలిందని కంప్యూటరుకి అబద్ధం చెప్పింది. ఇన్ని రాత్రులూ మిషను ఆపింది దెయ్యం కాదు. పైనుంచి ఆమె పిలిచిన పిలుపు. ప్రతి రాత్రీ పిలిచింది. ప్రతి రాత్రీ అతను చెవులు మూసుకుని, ఆ పిలుపునే తిట్టాడు.

మిషను అలాగే వదిలేసి, కాలికి తగిలి వాక్యూము ప్లగ్గు ఊడినా చూసుకోకుండా, మెట్లమీద పడుతూ లేస్తూ పైకి పరిగెత్తాడు.

ఆమె మంచంమీద లేదు.

గుమ్మం దగ్గర నేలమీద బోర్లా పడి ఉంది. నడుం కదలని మనిషి, ఒక్క ఎడమచేతి ఆధారంతో, ఒళ్ళంతా ఈడ్చుకుంటూ అక్కడిదాకా వచ్చింది. మోచెయ్యి దోక్కుపోయింది. పరుపునుంచి ఊడివచ్చిన మీట చేతిలోనే ఉంది. తీగ బిగుసుకుపోయి, ఇక రానంటోంది. బొటనవేలు మీటని నొక్కిపెట్టి తెల్లబడిపోయింది.

అతను కూలబడి ఆమెని ఒళ్ళోకి తిప్పుకున్నాడు. "ఏమైందోయ్? నొప్పా?"

రెప్పలు రెండుసార్లు.

"దాహమా? భయమేసిందా?"

ఒకసారి. గట్టిగా.

"దేనికి? కింద చప్పుడుకా?"

ఒకసారి. ఆమె చూపు అతని ముఖంమీదా, చేతులమీదా, చొక్కా చేతులమీదా ఆత్రంగా తిరుగుతోంది. ఏదైనా చిక్కుకుందా, ఏదైనా తెగిందా అని వెతుకుతున్నట్టు.

అప్పుడర్థమైంది అతనికి. చెవులు మూసుకున్నవాడికి తను ఎంత గట్టిగా అరుస్తున్నాడో తెలీదు. అతనికి గొణుగుడులా తోచినవి పైనున్న ఆమెకి కేకల్లా వినపడ్డాయి. నేల అడుగునుంచి మిషను కీచు, ఆ కీచులో ఒక మగమనిషి గొంతు... దణ్ణం పెడతాను... నా ప్రాణం... వదిలెయ్యి... ఆ ముసలాయన కథ విని ఉన్న మనిషి ఏమనుకుంటుంది? మొదట ఒట్టి కీచుకే, తర్వాత ఆ కేకలకి, మీట నొక్కేది. మిషను ఆగేది. కేకలు తగ్గి మామూలు తిట్లు వినపడేవి. హమ్మయ్య, ఉన్నాడు, అనుకునేది. తన గంట విని అతనే ఆపుతున్నాడనుకుంది పిచ్చితల్లి! రాత్రి తర్వాత రాత్రి, అలా అతన్ని బతికించుకుంటూ మేలుకుంది.

ఇవాళ నొక్కింది. ఆగలేదు. కేకలు ఆగలేదు.

"నా కోసమా... నన్ను కాపాడ్డానికి వస్తున్నావా?"

ఆమె కళ్ళు మూసింది. ఇక తెరవలేదు, అతని చొక్కాలో ముఖం దాచుకుంది. అతను ఏడ్చాడు. ఈసారి డిప్పలు లేవు కాబట్టి తన ఏడుపు తనకే వినపడింది.

కింద మిషను కోస్తూనే ఉంది. కాపలా లేని మిషను, చివరి దిమ్మ. వెళ్ళి పక్కన నిలబడాలి. లేవబోతే ఆమె ముడుచుకున్న వేళ్ళు చొక్కా గుండీలో చిక్కుకున్నాయో, పట్టుకుందో, వదల్లేదు. డ్రైవరు మళ్ళీ కూర్చున్నాడు. చెయ్యగలిగింది ఏమీ లేదు. ఇద్దరూ నేలమీద అలాగే, ఒకరినొకరు పట్టుకుని, ఆ కీచు వింటూ కూర్చున్నారు. అది ఒకచోట సన్నబడింది. ఒకచోట కర్కశంగా అరిచింది. ఒకసారి టప్పుమని ఏదో విరిగినట్టయింది. అతను కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

చాలాసేపటికి, అంతా నిశ్శబ్దమైంది.

"చూద్దామా?" అని గుసగుసగా అడిగాడు.

ఒకసారి.

ఆమెని రెండు చేతులమీదా ఎత్తుకుని మెట్లు దిగాడు. ఆ గదిలోకి ఆమె రావడం అదే మొదలు. బల్లమీద పొట్టు మంచులా పేరుకుపోయింది. విరిగిన కట్టరు ముక్క ఒకటి మూలన పడి ఉంది. ఎప్పుడు విరిగిందో, ఎక్కడిదాకా కోసి విరిగిందో. పొట్టు ఊదాలంటే డ్రైవరుకి ధైర్యం రాలేదు. ఆమెని స్టూలుమీద కూర్చోబెట్టి, పడిపోకుండా భుజం ఆన్చి, చివరికి ఊదాడు.

పిడి కింది అంచు కొద్దిగా మిగిలిపోయింది. అక్కడే విరిగింది కట్టరు. ఆకురాయితో అరగదియ్యొచ్చు. గాళ్ళు మాత్రం అన్నీ వచ్చాయి. బొటనవేలి గుంట వచ్చింది.

బిగింపు విప్పి పిడిని చేతిలోకి తీసుకున్నాడు. కోసిన లోహం కదా, గోరువెచ్చగా ఉంది. ఆమె ఎడమచెయ్యి కింద దాన్ని మెల్లగా పెట్టాడు. ముడుచుకున్న వేళ్ళు ఒక్కొక్కటే వెతుక్కుంటూ వెళ్ళి వాటి గాళ్ళలో వాలాయి. జారలేదు.

"నెట్టు," అన్నాడు, పిడిని కిందనుంచి గుప్పిట్లో బిగించి పట్టుకుని. "ఊఁ... నీకెటు కావాలంటే అటు."

ఆమె పెదవి ఒక పక్కకి వంకరపోయింది. మణికట్టు కదిలింది.

డ్రైవరు గుప్పిట, ఎంత బిగించినా, కుడికి జరిగింది.